కత్తికి లొంగని కంతి

పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళు నడుముకు ఒడి కట్టుకుంటారు. పాత చీరనో దుప్పటినో మడిచి, ముందు సంచిలా వేలాడేట్టు చుట్టి, కొసలు రెండూ కలిపి ఒక పక్కకు ముడి వేసుకుంటారు. తీసిన పత్తి నిండే కొద్దీ ఒడి బరువెక్కుతుంది, ముడి పొత్తికడుపు మీద బిగుస్తుంది. అలా ఒడి కట్టుకునే ఒక ఆడమనిషిని ఊహించుకోండి. ఊరు ప్రత్తిపాడు దాపున అనుకోండి, మార్కాపురం వైపు అనుకున్నా సరే. ముప్ఫై దాటిన వయసు. రెండో కాన్పు ఆపరేషనై రెండేళ్ళయింది. ఒకరోజు చేలో ముడి బిగించుకుంటుంటే కుట్ల పక్కన ఏదో చేతికి తగిలింది.

"వదినా, ఇక్కడ చెయ్యి పెట్టి చూడు. నిమ్మకాయంత గట్టిగా తగలట్లా?"

"నొప్పేమన్నా ఉందా?"

"నొప్పేం లేదు. ముడి ఒరుసుకున్నప్పుడే తెలుస్తంది."

"కుట్ల కాడ కంతి అయ్యుంటది. కోయించుకుంటే పోద్దిలే."

కోయించుకుంటే పోద్ది. ఆ వదిన అన్నది తప్పు మాటేమీ కాదు. వందల ఏళ్ళుగా వైద్యులూ అదే అన్నారు. కొవ్వు గడ్డ అయితే కోస్తే పోతుంది. కుట్టు దారం చుట్టూ కట్టిన గడ్డ అయితే కోస్తే పోతుంది. కానీ నూటికో వెయ్యికో కాదు, లక్షల్లో ఒకరికి వచ్చే ఒక కంతి ఉంది. కోస్తే కొందరిలో మళ్ళీ మొలుస్తుంది. రెండోసారి కోస్తే ఇంకా పెద్దదై రావచ్చు. క్యాన్సర్ కదా అనుకుందామంటే ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు. మామూలు గడ్డ అనుకుందామంటే ఉన్నచోట ఉండదు, పక్క కండలోకి వేళ్ళు దింపుతుంది. అన్నిటికంటే విడ్డూరం, దాని జోలికి పోకుండా వదిలేస్తే కొందరిలో దానంతటదే కరిగిపోతుంది. దీని పేరు డెస్మాయిడ్ ట్యూమర్. ఈ ముడిని కొంతవరకైనా విప్పడానికి దగ్గర దగ్గర 190 ఏళ్ళు పట్టింది. దొరికిన కొసల్లో కొన్ని మన వాకిళ్ళలోంచే వెళ్ళాయి. ఆ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు, అందుకే ఈ కథ రాస్తున్నాను.

మొదటి కొస స్కాట్లాండులో దొరికింది. 1832లో గ్లాస్గో శస్త్రవైద్యుడు జాన్ మక్‌ఫర్లేన్ తాను చూసిన రోగుల వివరాలు పుస్తకంగా అచ్చేశాడు. పొట్ట గోడలో గట్టి గడ్డలు వచ్చిన పడుచు ఆడవాళ్ళ గురించి అందులో రాశాడు. కాన్పు అయిన కొద్దికాలానికి వచ్చిన గడ్డలవి. ఆరేళ్ళ తర్వాత, 1838లో, బెర్లిన్‌లో యోహానెస్ ముల్లర్ దానికి పేరు పెట్టాడు. గ్రీకులో డెస్మోస్ అంటే కట్టు, బంధం. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువు ఎంత తెల్లగా, ఎంత గట్టిగా ఉంటుందో ఈ గడ్డ కూడా అలాగే ఉందని ఆయన గమనించాడు.

ఆ పోలిక ఎంత సరైనదో గడ్డను అడ్డంగా కోసి చూస్తే అర్థమవుతుంది. కత్తి కింద మెత్తగా తెగదు, పచ్చి తాటిమట్టను కోస్తున్నట్టు కరకరమంటుంది. కోసిన ముఖం తెల్లగా మెరుస్తుంది. గోగునార తాళ్ళను పేని, ముద్దగా బిగించి, మధ్యకు నరికినట్టు పోగులు సుడులు తిరిగి కనిపిస్తాయి. గడ్డ అంచు ఎక్కడని వెతికితే కచ్చితంగా దొరకదు. కొవ్వు గడ్డకైతే చుట్టూ పలచని పొర ఉంటుంది, నిమ్మతొన మీది పొరలాగా. వేలు పెట్టి తీస్తే మొత్తం ఊడి వస్తుంది. దీనికి పొర లేదు. నార పోగులు ఎర్రటి కండ పోగుల మధ్యకు దూరి, ఎక్కడ గడ్డ అయిపోయిందో ఎక్కడ కండ మొదలైందో తెలియనివ్వవు.

సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాక ముడి విడిపోవలసింది పోయి ఇంకా బిగుసుకుంది. క్యాన్సర్ కణాలు చూడగానే వికారంగా ఉంటాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, కేంద్రకాలు నల్లగా ఉబ్బి ఉంటాయి, ఎక్కడ చూసినా కణాలు రెండుగా చీలుతుంటాయి. డెస్మాయిడ్‌లో ఆ గందరగోళం ఏమీ లేదు. రాట్నం కదురులా మధ్యలో లావుగా, రెండు కొసల్లో సన్నగా సాగిన కణాలు ఒకే వరసలో బుద్ధిగా పడుకుని ఉంటాయి. నూలు వడికిన ఇళ్ళున్న చీరాల వైపు వాళ్ళకు ఈ ఆకారం వేరే చెప్పక్కర్లేదు. గాయం మానేటప్పుడు మచ్చను నేసే కణాలూ ఇవే. చూపుకు ఇంత సాధువైన కణం మళ్ళీ మళ్ళీ ఎందుకు మొలుస్తోంది? వైద్యులు ఈ ప్రశ్న దగ్గరే వందేళ్ళకు పైగా ఆగిపోయారు. నెమ్మదైన గడ్డ అని ఒకరు, క్యాన్సర్‌కు తమ్ముడని ఒకరు రాసుకున్నారు. ఎవరేమన్నా చేసిన పని మాత్రం ఒకటే. కోశారు, తిరిగొస్తే మళ్ళీ కోశారు.

ఎవరికి వస్తోంది అన్నది రెండో కొస. ఫిన్లాండులో 1980లలో లెక్క తీస్తే ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరి నుంచి నలుగురికి కొత్తగా వస్తోందని తేలింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి గుంటూరు జిల్లా 48.9 లక్షలు, ప్రకాశం 34 లక్షలు. ఫిన్లాండు లెక్కే మనకూ వర్తిస్తుందనుకుంటే ఈ రెండు జిల్లాల్లో ఏటా పదహారు నుంచి ముప్ఫై మూడు మంది. అంటే ఒక ఊరి డాక్టరు తన జీవితమంతా ప్రాక్టీసు చేసినా ఒక్క కేసు చూడకపోవచ్చు. చూసినా ఇదేనని గుర్తుపట్టకపోవచ్చు. అందుకు ఆయన్ని నిందించడం న్యాయం కాదు.

మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు ఎక్కువ. అందులోనూ పిల్లల్ని కనే వయసు వాళ్ళకు ఎక్కువ. పొట్ట గోడలో వచ్చే రకమైతే తరచూ కాన్పు తర్వాత ఒకటి రెండేళ్ళలో బయటపడుతుంది. భుజం దగ్గర, ఛాతీ గోడలో, తొడలో, పేగుల మధ్య కూడా వస్తుంది. ఆడవాళ్ళ హార్మోన్లకూ దీనికీ ఏదో లంకె ఉందని అనుమానం వచ్చింది. 1930ల చివర చిలీ దేశంలో అలెగ్జాండర్ లిప్‌షుట్జ్ అనే శాస్త్రవేత్త గినీ పందులకు ఈస్ట్రోజెన్ ఎక్కించి చూస్తే వాటి కడుపులో నార గడ్డలు పుట్టాయి. ఆ దారిన నడిచి హార్మోన్‌ను అడ్డుకునే మందులు కొన్ని దశాబ్దాలు వాడారు. కొందరికి పనిచేశాయి, చాలామందికి చేయలేదు. కొస నిజమైనదే గానీ ముడి అక్కడ లేదు.

ఇక్కడొక మాట. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయని 2019–21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇన్ని లక్షల కుట్ల దగ్గర ఏ గట్టితనం తగిలినా డెస్మాయిడ్ అని బెదిరిపోనక్కర్లేదు. నెలసరి వచ్చినప్పుడల్లా కుట్ల దగ్గర వాచి నొప్పి పెడుతుంటే అది గర్భాశయ పొర కుట్లలో చిక్కుకోవడం వల్ల వచ్చే ఎండోమెట్రియోసిస్ కావచ్చు, డెస్మాయిడ్ కంటే ఎక్కువగా కనిపించేది అదే. దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా. డెస్మాయిడ్ ఈ రెండిటిలాగా వచ్చిపోయేది కాదు. రాయిలా గట్టిగా ఉంటుంది. పడుకుని తల పైకెత్తి పొట్ట బిగిస్తే కండలో పాతుకుపోయినట్టు కదలకుండా నిలబడుతుంది. అయితే ఏది ఏదన్నది చేత్తో తేల్చే పని కాదు. ముక్క పరీక్షే తేల్చాలి.

అసలు కొస ఒక కుటుంబంలో దొరికింది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో జన్యుశాస్త్రం చెప్పే ఎల్డన్ గార్డ్‌నర్ 1951లో ఒక వంశం కథ ప్రచురించాడు. తరతరాలుగా ఆ ఇంట్లో పెద్దపేగు క్యాన్సర్‌తో మనుషులు పోతున్నారు. పరీక్షిస్తే వాళ్ళ పేగుల్లో వందలకొద్దీ చిన్న చిన్న బుడిపెలు. వాళ్ళను ఇంకా జాగ్రత్తగా చూస్తే ఎముకల మీద గడ్డలు, చర్మం కింద గడ్డలు. తర్వాత ఇలాంటి కుటుంబాల్లో డెస్మాయిడ్ కూడా మామూలు జనం కంటే ఎన్నో వందల రెట్లు ఎక్కువగా కనిపించింది. పదిమందిలో ఒకరికో అంతకంటే ఎక్కువ మందికో వచ్చేది. క్యాన్సర్ రాకుండా పెద్దపేగు తీసేస్తే, కొందరిలో ఆపరేషనైన కొన్నేళ్ళలోనే కడుపులో డెస్మాయిడ్ లేచేది. కత్తి పడిన చోటే, కత్తి పడిన తర్వాతే.

1991లో ఆ కుటుంబాల్లో చెడిపోయిన జన్యువు ఐదో క్రోమోజోమ్ మీద దొరికింది. దానికి ఏపీసీ అని పేరు. మరి కుటుంబంలో ఎవరికీ ఏ జబ్బూ లేకుండా డెస్మాయిడ్ వచ్చినవాళ్ళ సంగతేమిటి? ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళ గడ్డల్లో ఏపీసీ బాగానే ఉంది. చెడింది దాని పక్కవాడని 1990ల చివరలో తేలింది. ఆ పక్కవాడు బీటా కెటెనిన్ అనే ప్రోటీన్.

దీన్ని గుంటూరు మిర్చి యార్డులో నిలబడి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. సీజన్లో లారీల మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వస్తూనే ఉంటాయి. వచ్చినవి వచ్చినట్టు తూకమై, చీటీ పడి, గేటు దాటి పోవాలి. పోకపోతే రెండు రోజుల్లో యార్డులో మనిషి నడవడానికి దారి ఉండదు. బీటా కెటెనిన్ కణంలో ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది. అవసరం లేనప్పుడు దాని మీద ఒక చీటీ పడుతుంది. రసాయన శాస్త్రంలో ఆ చీటీ ఫాస్ఫేటు. చీటీ ఉన్న ప్రోటీన్‌ను కణం ముక్కలు చేసి పారేస్తుంది. చీటీ అంటించే ముఠాలో ఏపీసీ ఒక మనిషి. యూటా కుటుంబంలో ఆ మనిషే పనిలోకి రాలేదు. మామూలు డెస్మాయిడ్‌లో ముఠా మొత్తం పనిలోనే ఉంది, టిక్కీ మీద చీటీ అంటించే చోటు చెడిపోయింది. 781 పూసల దండ ఆ ప్రోటీన్. అందులో 41వ పూసో 45వ పూసో, ఒక్కటంటే ఒక్కటి మారుతుంది. అంతే, చీటీ అంటదు. నూటికి 85 డెస్మాయిడ్లలో కనిపించే తప్పు ఇదే.

చీటీ పడని టిక్కీలు పేరుకుపోయి చివరకు కణ కేంద్రకంలోకి చొరబడతాయి. అక్కడ కూర్చుని పెరుగు, పెరుగు అని పురమాయిస్తాయి. ముక్క పరీక్ష చేసే ల్యాబులో ఇప్పుడు దీన్ని కంటితో చూస్తున్నారు. గాజు పలక మీద పలచగా కోసిన ముక్కకు ప్రత్యేకమైన రంగు పట్టిస్తారు. లేత నీలి రంగు నేల మీద కదురు కణాలు వరసగా పడుకుని ఉంటాయి, ఒక్కో కణం నడుమ కేంద్రకం చింతగింజ రంగులో తేలుతుంది. ముల్లర్ నాటి నుంచి కంటికి కనిపించకుండా తప్పించుకున్న దొంగ ఆ గోధుమ చుక్కలోనే దాక్కున్నాడు.

అయినా ఒక ప్రశ్న మిగిలింది. కోస్తే ఎందుకు తిరిగొస్తుంది? 2002లో టొరంటో పరిశోధకులు ఎలుకల్లో బీటా కెటెనిన్ పోగుపడేట్టు చేసి చూశారు. ఎలుకలకు డెస్మాయిడ్ వంటి గడ్డలు వచ్చాయి. వాటి చర్మం మీద గాటు పెడితే ఆ గాటు మామూలుగా మానలేదు, ఉబ్బెత్తుగా మచ్చ కట్టింది. గాయం మానేటప్పుడు ఆరోగ్యమైన శరీరంలోనూ బీటా కెటెనిన్ కొన్నాళ్ళు పెరుగుతుంది. కదురు కణాలు పరుగెత్తుకొచ్చి నార నేస్తాయి. పని కాగానే సద్దుమణిగి తప్పుకుంటాయి. డెస్మాయిడ్ అంటే తప్పుకోవడం మరిచిపోయిన గాయం. దాన్ని కోయడమంటే అప్పటికే ఆగకుండా నేస్తున్న మగ్గానికి ఇంకో పడుగు ఎక్కించినట్టు. కాన్పు, కుట్లు, పేగు ఆపరేషను, ఎప్పుడో తగిలిన దెబ్బ, అన్నీ ఒకే తాటి మీదకు వచ్చాయి.

ఆసుపత్రుల పాత రికార్డులు తిరగేస్తే ఇదే కనిపించింది. ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చినవాళ్ళు ఒక చోట ఐదుగురిలో ఒకరైతే ఇంకో చోట సగం మందికి పైనే. గడ్డ చుట్టూ కొంత మంచి కండ కూడా తీసేసిన వాళ్ళలోనూ తిరిగొచ్చింది. అంచున కొంచెం మిగిలిపోయిన వాళ్ళలో కొందరికి రానేలేదు. కోత పెద్దదైన కొద్దీ గడ్డ దూరం పోతుందన్న నమ్మకం ఇక్కడ నిలబడలేదు. కానీ ఆ నమ్మకానికి బలైన చేతులు, భుజాలు ఉన్నాయి. ప్రాణం తీయని గడ్డ కోసం చెయ్యి తీసేసిన కేసులు వైద్య పత్రికల్లో చదివినప్పుడు నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఊళ్ళలో పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. కత్తి పడితే గడ్డ పాకుతుందని. ఈ కథ విని, చూశారా మేం చెప్పలేదా అంటారేమోనని నా భయం. ఆ మాట తప్పు. రొమ్ములో గడ్డకూ పేగులో గడ్డకూ ఆ మాట నమ్మి ఆపరేషన్ వాయిదా వేసుకుని పోయినవాళ్ళు మన పక్క ఎందరో. కత్తి పడాల్సిన చోట తొందరగా పడాల్సిందే. డెస్మాయిడ్ అరుదైన మినహాయింపు. అది మినహాయింపని తేల్చాల్సింది ముక్క పరీక్ష, సూక్ష్మదర్శిని కింద ఆ గోధుమ చుక్క. అందుకే కోయించుకుందామనుకునే ముందు ముక్క పరీక్ష అడగాలి. సూదితో సన్నటి ముక్క తీస్తారు, చిటికెలో పని.

కోయకపోతే మరేం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు చాలా ఆలస్యంగా, చాలా సంకోచంగా వచ్చింది. ఇటలీ, ఫ్రాన్స్ వైద్యులు కొందరు కోతా మందూ రెండూ లేకుండా గడ్డను కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టారు. ఎమ్మారై తీయడం, కొన్ని నెలలు ఆగడం, మళ్ళీ తీయడం. 2009లో వాళ్ళు 142 మంది వివరాలు బయటపెట్టారు. ఏమీ చేయకుండా చూస్తూ ఉన్న వాళ్ళలో ఐదేళ్ళకు దాదాపు సగం మందిలో గడ్డ ముందుకు కదల్లేదు. పెరిగిన వాళ్ళలోనూ ఆ పెరుగుదల ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. తర్వాత అదే అలిసిపోతుంది.

అయినా వైద్యులకు నమ్మకం చిక్కడానికి ఇంకో సాక్ష్యం కావలసి వచ్చింది. అది ఎవరూ వెతకని చోట దొరికింది. 2018 డిసెంబరులో సొరఫెనిబ్ అనే మందును డెస్మాయిడ్ మీద పరీక్షించిన ఫలితాలు వచ్చాయి. మృణాల్ గౌండర్ అనే న్యూయార్క్ వైద్యుడి నాయకత్వంలో జరిగిన పరీక్ష అది. 87 మందిలో కొందరికి మందు, కొందరికి మందు లేని ఉత్త బిళ్ళ. రెండేళ్ళు గడిచాక మందు తీసుకున్న వాళ్ళలో 81 శాతం మందికి జబ్బు ముదరలేదు. ఉత్త బిళ్ళ తీసుకున్న వాళ్ళలో అది 36 శాతమే. మందు గెలిచింది. నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకో అంకె. ఉత్త బిళ్ళ మింగిన వాళ్ళలోనూ నూటికి 20 మందికి గడ్డ చిక్కిపోయింది. ఐదుగురిలో ఒకరికి ఏ మందూ లేకుండా! ఇంతకాలం ఏ మందు ఇచ్చి కొందరికి తగ్గినా ఆ మందుదే మహిమ అని రాసుకున్న నివేదికలన్నీ ఒక్కసారి మళ్ళీ చదువుకోవాల్సి వచ్చింది.

ఈ సొరఫెనిబ్‌కు గుంటూరు గాలి తగిలింది. కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్‌కు బేయర్ కంపెనీ అమ్మిన మందు ఇది, వాళ్ళు పెట్టిన పేరు నెక్సవార్. నెలకు 120 బిళ్ళలు, అప్పట్లో ధర సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు. 2012 మార్చి 9న మన దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు వచ్చింది ఈ మందుకే, వచ్చింది హైదరాబాదు నాట్కో ఫార్మాకు. అవే 120 బిళ్ళలు 8,880 రూపాయలకు మించి అమ్మరాదని షరతు. నాట్కో స్థాపకుడు నన్నపనేని వెంకయ్య చౌదరి పుట్టింది గుంటూరు జిల్లా గొల్లమూడిపాడులో. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2014 డిసెంబరులో అక్కడా తీర్పు మారలేదు. అప్పట్లో ఎవరి మనసులోనూ డెస్మాయిడ్ లేదు. లైసెన్సు వచ్చిన ఆరేళ్ళకు ఈ మందు దానికీ పనికొస్తుందని తేలింది, అదీ సగం మోతాదుకే. నాలుగు బిళ్ళల చోట రెండు. అంటే అదే పెట్టె రెండు నెలలు వస్తుంది. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం 2020లో తెరిచారు. మిరప కోతకు పోయే ఇంటి మనిషికి క్యాన్సర్ డాక్టరు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరకడం చిన్న సంగతి కాదు.

అంతకుముందు నుంచీ వాడుతున్న ఇంకో జంట మందులున్నాయి. వాటి పుట్టుక తెలిసిన రోజు నేను వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాను. జంటలో మొదటిది మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చింది. గాంధీ పిలుపు విని మద్రాసు వైద్య కళాశాల ఆపరేషన్ గదిలోకి ఖద్దరు గౌనుతో వెళ్ళి, ఆ పాపానికి ఎంబీబీఎస్ బదులు చిన్న పట్టాతో బయటికొచ్చిన మనిషి ఆయన. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను మొదటిసారి కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గించగలిగాడు. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు పోయారు, 53 ఏళ్ళకే. మెథోట్రెక్సేట్ ఆ అమినోప్టెరిన్‌కు చెల్లెలు.

జంటలో రెండోది విన్‌బ్లాస్టిన్. అది బిళ్ళగన్నేరులోంచి వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు, గుడి ప్రహరీ వెంట, ఎవరూ నీళ్ళు పోయకపోయినా తెల్లగానో గులాబీ రంగులోనో పూసే ఆ మొక్కే. చక్కెర జబ్బుకు మంచిదని మనవాళ్ళు ఆకు నమిలినట్టే జమైకాలోనూ నమిలేవారు. 1952లో అక్కడి నుంచి ఆ ఆకులు ఒక కవర్లో కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు చేరాయి. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్‌కు ఇచ్చాడు. రాబర్ట్ ఆకు రసం ఎలుకలకు ఎక్కిస్తే చక్కెర తగ్గలేదు, రక్తంలో తెల్ల కణాలు తగ్గాయి. ఆ తీగ పట్టుకునే రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. ఆ ఆకు అలాగే నమలడం మాత్రం ప్రమాదం. అందులో విషం ఉంది, మోతాదు మన చేతిలో ఉండదు.

సుబ్బారావు మందును, బిళ్ళగన్నేరు మందును తక్కువ మోతాదులో కలిపి డెస్మాయిడ్ మీద వాడితే ఎలా ఉంటుందో 1989లో అమెరికాలో వైస్, లాక్‌మన్ అనే ఇద్దరు ఎనిమిది మంది మీద చూశారు. 2001లో మిలాన్‌లో 30 మంది మీద చూశారు. ఎక్కువ మందిలో పెరుగుదల ఆగింది, కొందరిలో గడ్డ చిన్నదైంది. వారానికోసారి సూది, ఏడాది పాటు. జుట్టు ఊడిపోయేంత మోతాదు కాదు. గడ్డ పెరుగుతూ, నొప్పి పెడుతూ, చేతిలో డబ్బు తక్కువున్న చోట వైద్యులు ఇప్పటికీ ఈ జంటను నమ్ముకుంటారు. ఈ కాలంలో, ఆ తర్వాత కొన్నాళ్ళూ గర్భం రాకుండా చూసుకోవాలి, మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు పడదు.

డెస్మాయిడ్ కోసమే అని ముద్ర పడిన మొదటి మందు 2023 నవంబరు 27న అమెరికాలో అనుమతి పొందింది. పేరు నిరొగాసెస్టాట్. 142 మంది మీద జరిగిన పరీక్షలో జబ్బు ముదిరే ప్రమాదాన్ని 71 శాతం తగ్గించింది. నొప్పీ తగ్గించింది. కానీ పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ళలో నలుగురికి ముగ్గురి అండాశయాల పని దెబ్బతింది. మందు ఆపాక చాలామందిలో కోలుకుంది. అయినా ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ వయసు ఆడవాళ్ళకే కాబట్టి, వాళ్ళకు ఈ సంగతి ముందే విడమరిచి చెప్పకుండా బిళ్ళ చేతిలో పెట్టడం అన్యాయం.

ఇన్ని మందులున్నా, 2020లో వివిధ దేశాల డెస్మాయిడ్ వైద్యులు కూర్చుని రాసుకున్న మాటలో మొదటి వరుస మందూ కాదు, కత్తీ కాదు. కనిపెట్టుకుని ఉండడం. ఒకటి రెండు నెలలకు ఒక ఎమ్మారై, తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి. పెరుగుతూనే ఉంటే, నొప్పి ఓర్చుకోలేనిదైతే, పేగునో నరాన్నో నొక్కుతుంటే అప్పుడు మందు. పొట్ట గోడలోదైతే, కోసినా పెద్ద నష్టం లేని చోటైతే, పెరుగుదల ఆగకపోతే అప్పుడు ఆపరేషను. వరుస తలకిందులైంది. మొదట ఉన్నది చివరికి వెళ్ళింది.

ముడి పూర్తిగా విడలేదు. ఒకే తప్పున్న ఇద్దరిలో ఒకరికి గడ్డ ఎందుకు కరుగుతుందో, ఇంకొకరికి ఎందుకు పెరుగుతుందో ముందే చెప్పే పరీక్ష ఇంకా లేదు. 45వ పూస ఒక రకంగా మారిన వాళ్ళలో ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చే అవకాశం ఎక్కువని కొన్ని ఆసుపత్రుల లెక్కలు చెబుతున్నాయి.

అందుకని మన ఆడమనిషి చేతిలోకి వచ్చే చీటీలో మందు పేరు ఉండకపోవచ్చు. తారీఖు ఒకటే ఉంటుంది. ఆమె దాన్ని మడిచి, ఆధార్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దోపుకుంటుంది.

"ఏందమ్మా, మందు రాయలేదా? కోయనూ లేదా?" అని అత్త అడుగుతుంది.

"మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు అత్తా. పెరిగితే చెప్పమన్నారు. అప్పటిదాకా పనికి పోవచ్చంట."

మర్నాడు చేలో ఒడి కట్టుకునేటప్పుడు ఆమె ముడిని రెండు వేళ్ళ మందం పక్కకు జరిపి బిగించుకుంటుంది.